క్యాసెట్‌కు అంటిన బంక

2019 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక సూపర్ మారియో బ్రదర్స్ క్యాసెట్ 1,00,150 డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటి మారకంలో 70 లక్షల రూపాయల పైమాటే. ఆటలో కొత్తేమీ లేదు. ఇంటింటా పిల్లలు బటన్లు అరిగిపోయేదాకా ఆడిన మారియోనే. ధర అంత పలకడానికి పెద్ద కారణం అట్టపెట్టె మూతను పట్టి ఉంచిన ఒక చిన్న గుండ్రటి స్టిక్కర్. 1985, 86ల్లో నింటెండో తన ఆటపెట్టెను ముందు న్యూయార్క్‌లో, తర్వాత లాస్ ఏంజెలెస్‌లో పెట్టి జనం కొంటారో లేదో చూసింది. ఆ రోజుల్లో పెట్టెలకు ప్లాస్టిక్ పొర చుట్టకుండా స్టిక్కర్ వేసి పంపింది. తర్వాత ఆ పద్ధతి మానేసింది. స్టిక్కర్ చిరగకుండా మిగిలిన పెట్టెలు బహు తక్కువ. ఎవరూ దాన్ని తెరవలేదు, గీకలేదు. దాని గొప్పంతా అదే.

అదే మారియో అక్కడి పాత సామాన్ల సంతలో దొరికితే ముఖం వేరుగా ఉంటుంది. మూలన అద్దె కొట్టు బార్‌కోడ్. దాన్ని సగం కప్పుతూ సెకండ్ హ్యాండ్ ధర. దానిపైన తగ్గించిన ధర. వెనకాల మార్కర్‌తో ఎవరో పిల్లాడి పేరు. ఈ స్టిక్కర్లలో ఒకదాన్ని ఎవరో గోటితో గీకడం మొదలుపెట్టి, విసుగొచ్చి వదిలేసి ఉంటారు. అక్కడ తెల్లటి కాగితపు పీచు, దాని చుట్టూ ఏళ్ల దుమ్ము పట్టి నల్లబడ్డ బంక. పాత క్యాసెట్లు సేకరించేవాళ్లకు రోజూ కుస్తీ ఈ రెండో రకం స్టిక్కర్లతోనే. ఆ కుస్తీలో ఓడిపోయిన క్యాసెట్లను చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. వాటిని బంక పాడుచేసింది తక్కువ, బంక తీయబోయిన చేతులు పాడుచేసిందే ఎక్కువ. అరిగిపోయిన బొమ్మ, తెల్లగా కమిలిన ప్లాస్టిక్, కత్తి గాట్లు, ఇవన్నీ శుభ్రం చేయాలన్న మంచి ఉద్దేశంతో జరిగినవే.

ఎవరు అంటించారు?

ముఖ్యంగా అద్దె కొట్లవాళ్లు. 1985లో డల్లాస్‌లో తొలి దుకాణం తెరిచిన బ్లాక్‌బస్టర్ కొన్నేళ్లలోనే అమెరికా అంతా పాకింది. సినిమా క్యాసెట్లతోపాటు ఆటల క్యాసెట్లూ అద్దెకిచ్చింది. నింటెండోకు అది కంటగింపు. వారాంతానికి నాలుగు డబ్బులిచ్చి ఆట పూర్తిచేసేవాడు కొత్తది ఎందుకు కొంటాడని దాని బాధ. అద్దెను ఆపించలేక 1989లో, ఆటతో వచ్చే సూచనల పుస్తకాన్ని జిరాక్స్ తీసి ఇస్తున్నారంటూ కోర్టుకెక్కింది. 1990లో అమెరికా కాంగ్రెస్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అద్దెను కట్టడి చేస్తూ చట్టం తెచ్చినా, టీవీకి తగిలించి ఆడే ఆటలను అందులోంచి మినహాయించింది. అలా అద్దె కొట్లు బతికాయి, వాటి స్టిక్కర్లూ బతికాయి. ఎక్కడ పడితే అక్కడ తిరిగే సరుకు కనుక కొట్టువాడు కోరుకునేది ఒక్కటే, ఎవడూ పీకలేని స్టిక్కర్. వాడి కోరిక ఎంత బాగా తీరిందో ఇప్పుడు కొనుక్కున్నవాళ్లకు తెలుస్తోంది.

మన దగ్గర కథ కొంచెం వేరు. 1990ల్లో తెలుగు ఊళ్లలో టీవీ పక్కన కనిపించినవి చాలావరకు నింటెండో జపాన్‌లో అమ్మిన ఫ్యామికామ్ ఆటపెట్టెకు నకళ్లు. సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో కొన్ని, ఏ పేరూ లేకుండా కొన్ని. కాంట్రా, మారియో, ట్యాంకుల ఆట, బాతుల వేట. క్యాసెట్లను పిల్లలు మార్చుకునేవాళ్లు, వీడియో పార్లర్లవాళ్లు అద్దెకిచ్చేవాళ్లు. ఎవరి క్యాసెట్ ఎవరిదో తేలడానికి సెల్లో టేపు కింద చీటీ, నోటుపుస్తకాలకు వేసే పేరు స్టిక్కరు, క్రికెటర్ల బొమ్మలు. వీటికి తోడు ‘ఇది చిరిగితే వారంటీ లేదు’ అనే అమ్మకందారు కాగితం ముక్క. వారంటీ ఎన్నడో పోయింది, కాగితం ఇంకా ఉంది.

సులువుగా వదలడానికే పుట్టింది

విచిత్రమేమిటంటే ఈ జిగురు జాతి మొత్తం పుట్టిందే తేలిగ్గా ఊడిరావడానికి. 1920ల్లో అమెరికాలో రెండు రంగుల కార్లు మోజు. ఒక రంగు వేస్తూ రెండోవైపు కాగితం జిగురుతో అంటించేవాళ్లు. తీసేటప్పుడు కాగితంతోపాటు కొత్త రంగూ లేచొచ్చేది. ఉప్పుకాగితం నమూనాలు పట్టుకుని షెడ్‌కు వెళ్లిన త్రీఎం కంపెనీ కుర్రాడు రిచర్డ్ డ్రూ అక్కడి పెయింటర్ల తిట్లు విన్నాడు. 1925కల్లా అంటుకుని, పని అయ్యాక శుభ్రంగా ఊడొచ్చే మాస్కింగ్ టేపు తయారుచేశాడు. 1930లో సెలొఫేన్ టేపు. 1935లో లాస్ ఏంజెలెస్‌లో స్టాంటన్ ఎవరీ వెనక కాగితం తీసి అంటించే ధర చీటీలు మొదలుపెట్టాడు. సామాను మీద మరక పడకుండా శుభ్రంగా వచ్చేస్తాయని దుకాణాలవాళ్లకు ఆయనిచ్చిన హామీ. ఆ హామీ అబద్ధం కాదు. కాకపోతే అది వారాలకు, నెలలకు ఇచ్చింది. ముప్ఫై నలభై ఏళ్లకు కాదు.

ఈ జిగురు తడిగా పూసి ఆరబెట్టేది కాదు. మామూలు గోందు ఆరి గట్టిపడి పట్టుకుంటుంది. స్టిక్కర్ బంక ఎప్పటికీ ఆరదు, ఆరకపోవడమే దాని బలం. సగం ద్రవంలా పారి ప్లాస్టిక్ మీది సన్నని గుంటల్లోకి దిగుతుంది, సగం ఘనంలా లాగితే ఎదురుతిరుగుతుంది. పాత రకాల్లో ఉండేది సహజ రబ్బరు, దానికి జిగట పెంచడానికి చెట్టు నుంచి వచ్చే గుగ్గిలం వంటి రెజిన్. రబ్బరుకు గాలిలోని ఆక్సిజన్, వేడి, వెలుతురు పడవు. పొడవాటి రబ్బరు గొలుసులు ముందు తెగుతాయి. అప్పుడు బంక మెత్తబడి, నూనెలా కారి కాగితంలోకి ఇంకుతుంది. చేతికి అంటుకుని విసిగించేది ఈ దశే. ఇంకొన్నాళ్లకు తెగిన ముక్కలు ఒకదానికొకటి అడ్డదిడ్డంగా ముడిపడి గోధుమరంగులో పెళుసుగా గడ్డకడతాయి. తర్వాత వచ్చిన యాక్రిలిక్ బంకలు ఇంత తొందరగా చెడవు. అందుకే ఒకే క్యాసెట్ మీది రెండు స్టిక్కర్లు రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి. ఒకటి నీరుకారిపోతుంది, ఇంకొకటి నిన్న అంటించినట్టే మొండికేస్తుంది.

పనస కోసిన చేయి

పనసకాయ కోసేముందు కత్తికీ చేతికీ నూనె రాసుకోవడం మన ఇళ్లలో ఎవరూ నేర్పనక్కర్లేని పని. ఆ పాలు అంటిన చేతిని నీళ్లతో ఎంత కడిగినా పోదు, సబ్బుకూ లొంగదు. కాస్త నూనెతోనో కిరసనాయిలుతోనో రుద్దితే వస్తుంది. స్టిక్కర్ బంక విషయంలోనూ సూత్రం ఇదే. నీటితో పొత్తు కుదరని పదార్థాన్ని నీటితో కరిగించలేం, దాని జాతిదే ఇంకొకటి కావాలి. అయితే చేయి వేరు, క్యాసెట్ వేరు. చేతి మీద బంక మాత్రమే కరుగుతుంది. క్యాసెట్ మీద బంకతోపాటు దాని కింది ప్లాస్టిక్ కూడా కరగవచ్చు.

క్యాసెట్ల పైచిప్ప ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్. లెగో ఇటుకలు దానితోనే చేస్తారు. గట్టిది, నునుపైనది, కానీ అసిటోన్ తగిలితే ఐసైపోతుంది. త్రీడీ ప్రింటర్‌తో ఏబీఎస్ బొమ్మలు చేసేవాళ్లు వాటి గరుకుతనం పోగొట్టడానికి అసిటోన్ ఆవిరి పట్టిస్తారు. పై పొర కరిగి జారి నున్నగా అవుతుంది. అదే అసిటోన్ చాలా నెయిల్ పాలిష్ రిమూవర్ సీసాల్లో ఉంటుంది, ఇంట్లో అన్నిటికంటే ముందు చేతికి దొరికేదీ అదే. దూదితో ఒక్కసారి రుద్దగానే బంక పోతుంది, ప్లాస్టిక్ మీది సన్నని గరుకు నేతా పోతుంది, మిగిలేది మెరిసే మచ్చ. దానికి తిరుగు లేదు. పెట్రోలు, పెయింటు థిన్నర్ కూడా ఈ కోవలోవే. సెల్‌ఫోన్ రిపేరు కొట్లో థిన్నర్‌తో పనులు చకచకా అవడం చూసి ఇంట్లో ప్రయత్నించేవాళ్లకు నాదొక మాట. ఆ కుర్రాడికి ఏ భాగం మీద ఎంతసేపు ఉంచాలో తెలుసు, పైగా ఫోన్ చెడితే చిప్ప మార్చుకోవచ్చు.

నారింజ తొక్క నూనెతో చేసిన బంక మందులు అమెరికాలో బాగా వాడతారు. పని చేస్తాయి. నారింజ తొక్కను బెలూన్ దగ్గర పిండితే బెలూన్ పేలిపోవడం బడిపిల్లలకు తెలిసిన తమాషా. రబ్బరును కరిగించే ఆ గుణమే బంక మీదా పని చేస్తుంది. అదే నూనె థర్మోకోల్‌నూ తినేస్తుంది. ఏబీఎస్‌లో థర్మోకోల్ చుట్టరికం ఉన్న స్టైరీన్ ఉంది కనుక రాసి మరచిపోకూడదు. జలుబుకు వాడే నీలగిరి తైలానికీ ఇదే జాగ్రత్త. కొబ్బరినూనె వల్ల ప్లాస్టిక్‌కు పెద్దగా భయం లేదు, మెత్తబడ్డ బంకను అరగంటలో కదిలిస్తుంది. కానీ కాగితం లేబుల్‌కు తగిలిందా, ఆ నూనె మరక మీ మనవల కాలానికీ ఉంటుంది. బోసి ప్లాస్టిక్ మీద, లేబుల్‌కు దూరంగా ఉన్న బంకకు మాత్రమే నేను దాన్ని ఒప్పుకుంటాను. తర్వాత సబ్బునీటిలో పిండిన గుడ్డతో జిడ్డు తుడవాలి.

ఇక నమ్మదగినవి రెండు. ఒకటి, మందుల షాపుల్లో, ఎలక్ట్రానిక్స్ కొట్లలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ప్లాస్టిక్‌ను త్వరగా బాధించదు, ఇట్టే ఆరిపోతుంది, పల్చటి బంకకు చాలు. అయితే లేబుల్ మీది సిరాను లేపగలదు. చవక నకలు క్యాసెట్ల లేబుళ్లయితే మరీను. రెండోది సిగరెట్ లైటర్లలో నింపే ద్రవం, అంటే నాఫ్తా. లేబుల్ మీదే స్టిక్కర్ అంటి ఉంటే దీన్ని మించింది లేదు. నీరు కాగితపు నారను ఉబ్బిస్తుంది, నాఫ్తా ఉబ్బించదు. కాగితంలోంచి దిగి, కింద ఉన్న బంకను వదులుచేసి, మరక పెట్టకుండా ఆవిరైపోతుంది. తపాలా బిళ్లలు సేకరించేవాళ్లు వాటర్‌మార్క్ చూడటానికి బిళ్లనే ఈ జాతి ద్రవంలో ముంచి తీస్తారు. అంత సున్నితమైన కాగితం తట్టుకున్నప్పుడు క్యాసెట్ లేబుల్ తట్టుకోవడంలో వింత లేదు. అయినా ముందు ఒక మూలన చుక్క వేసి చూడాలి. ఇది మంట అందుకునే సరుకు, ఆవిరి కూడా అంటుకుంటుంది. పొయ్యి, దేవుడి దీపం, అగరొత్తి దరిదాపుల్లో ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి.

తొందర లేని పని

చేతికి దొరికిన స్టిక్కర్‌ను ముందు ఏ ద్రవమూ లేకుండా ప్రయత్నించాలి. హెయిర్ డ్రయ్యర్‌ను జానెడు దూరంలో పట్టి, చేతికి గోరువెచ్చగా తగిలేలా కాసేపు ఊదితే బంక మెత్తబడుతుంది. మూల లేవగానే స్టిక్కర్‌ను పైకి కాకుండా, దాని మీదికే మడిచి, క్యాసెట్‌కు సమాంతరంగా మెల్లిగా లాగాలి. పైకి లాగితే కాగితం రెండు పొరలుగా చీలి కింది పొర అక్కడే ఉండిపోతుంది. ఎంత మెల్లిగా లాగితే అంత శుభ్రంగా వస్తుంది. సగం ద్రవం లాంటి బంకకు పారి వదులుకోవడానికి సమయం కావాలి, గబుక్కున గుంజితే అది ఘనంలా బిగుస్తుంది. క్యాసెట్‌ను మాత్రం అతిగా కాల్చకండి. జెల్డా వంటి ఆటల్లో మీరు ఎక్కడిదాకా ఆడారో గుర్తుంచుకోవడానికి లోపల నాణెం బ్యాటరీ ఉంటుంది, దానికి వేడి పడదు.

వేడికి లొంగకపోతే నాఫ్తా. ప్లాస్టిక్ పూత ఉన్న స్టిక్కర్‌లోకి పైనుంచి ఏదీ దిగదు కనుక అంచు దగ్గర చుక్క వేసి లోపలికి పాకనివ్వాలి. వేడి పెట్టిన డ్రయ్యర్‌ను, లైటర్ ద్రవాన్ని ఒకేసారి వాడటం ఒళ్లు తెలియని పని అని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. అంచు తడిసి రంగు మారగానే వాడేసిన పాత ఏటీఎం కార్డు మూలతో కిందినుంచి లేపాలి. చాకు, బ్లేడు, స్టీలు పీచు బల్ల మీదే ఉండకూడదు. ఉంటే చేయి వాటి వైపే పోతుంది. ద్రవం త్వరగా ఆవిరవుతుంది, అది పోగానే బంక మళ్లీ పట్టేస్తుంది. అందువల్ల తడి ఉండగానే లేపాలి, ఆరితే ఇంకో చుక్క.

స్టిక్కర్ పోయాక మిగిలే బంక పొరను తుడవడంలో అందరూ ఒకేలా దెబ్బతింటారు. ఒకే దూదితో రుద్దుతూ పోతారు. బంక దూదికెక్కి, దూది నుంచి మళ్లీ క్యాసెట్‌కెక్కి, బొటనవేలంత మరక అరచేయంత అవుతుంది. ప్రతి తుడుపుకూ గుడ్డలో కొత్త చోటు కావాలి. మెత్తటి బంకనైతే వేలితో ఒకవైపుకు దొర్లిస్తే ఉండలు కట్టి లేస్తుంది. సెల్లో టేపు ముక్కను దాని మీద అద్ది లాగినా వస్తుంది, బంకకు బంకే మందు. మార్కెట్‌లో దొరికే తెల్లటి మెలమైన్ స్పాంజి మాత్రం వద్దు. మెత్తగా కనిపించే ఉప్పుకాగితం అది.

అంతా శుభ్రమయ్యాక కూడా స్టిక్కర్ ఉన్నచోట నలుచదరపు నీడ కనిపించవచ్చు. దాన్ని పోగొట్టాలని ఆల్కహాల్ సీసా ఖాళీ చేసేవాళ్లున్నారు. అది మురికి కాదు. ఎండకూ గాలికీ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పసుపెక్కింది, స్టిక్కర్ కింద మాత్రం అసలు రంగు నిలిచింది. అలాగే కొన్ని రిమోట్లు, జాయ్‌స్టిక్‌లు ఏ స్టిక్కరూ లేకుండానే చేతికి అంటుకుంటాయి. వాటి పైన వేసిన మెత్తటి పాలీయూరిథేన్ పూత గాలిలోని తేమకు విరిగిపోతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఇది ఎక్కువ. తుడిస్తే ఆ పూతే మొత్తం పోతుంది. వేరే మార్గం లేదు.

ఏది మురికి, ఏది రుజువు?

1983 సెప్టెంబరులో అటారీ కంపెనీ అమ్ముడుపోని క్యాసెట్లను లారీలకెత్తి న్యూమెక్సికోలోని అలమగోర్డో చెత్తదిబ్బలో పూడ్చింది. 2014 ఏప్రిల్‌లో తవ్వి కొన్ని బయటికి తీశారు. నలిగి, మట్టికొట్టుకుని, కంపుకొడుతున్న ఆ క్యాసెట్లను నగరపాలకులు ధ్రువపత్రంతో సహా అమ్మితే జనం ఎగబడి కొన్నారు. ఈటీ ఆట క్యాసెట్ ఒకటి స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరింది. దాన్ని కడిగి తళతళలాడించి ఉంటే మ్యూజియంలో పెట్టాల్సిన అవసరమే ఉండేది కాదు. మురికే దాని జాతకం.

జపాన్‌లో ఇంకో ముచ్చట. అక్కడ పిల్లలు ఫ్యామికామ్ క్యాసెట్ల వెనక పేర్లు రాసుకునేవాళ్లు. పాత సామాన్ల కొట్లు వాటిని తక్కువ ధరకు కొంటాయి, కొన్నవాళ్లు ఆల్కహాల్‌తో తుడిచేస్తారు. ఒకాయన మాత్రం పేర్లున్న క్యాసెట్లనే ఏరి కూడబెట్టి, ఎవరిది వాళ్లకు తిరిగిచ్చే పని పెట్టుకున్నాడు. మార్కర్ గీతను పోగొట్టడం చిటికెలో పని, తిరిగి రాయలేం. అందుకని నా లెక్కలో ధర చీటీలు పోవచ్చు, బార్‌కోడ్‌లు పోవచ్చు. పిల్లాడి చేతిరాత, ఊరి పేరున్న కొట్టు ముద్ర మాత్రం ఒక ఫొటో అయినా తీయకుండా చెరపకూడదు.

మన నకలు క్యాసెట్ల విషయంలో ఈ పట్టుదల ఇంకొంచెం ఎక్కువ కావాలి. నింటెండో క్యాసెట్ లేబుల్ చిరిగినా విప్పి చూస్తే బోర్డు మీద అంకెలుంటాయి, ఏ ఆటో ఏ ఏడాదో చెబుతాయి. మనవి విప్పితే పలక మీద నల్లటి ఎపాక్సీ ముద్ద ఒకటే కనిపిస్తుంది. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో దానికి నోరు లేదు. ‘9999 ఇన్ 1’ అని రాసి వేళ్ల మీద లెక్కపెట్టే ఆటలనే తిప్పితిప్పి చూపిన ఆ లేబుల్, దాని అబద్ధాలతో సహా, మిగిలిన ఏకైక ఆధారం. అమ్మిన కొట్టు చీటీ ఉంటే అది హైదరాబాద్ కోఠీదో విజయవాడ బీసెంట్ రోడ్డుదో తెలుస్తుంది. వాటికి గ్రేడింగ్ లేదు, వేలం లేదు. అందుకే తుడిచేసినా అడిగేవాడు లేడు.

పని అయ్యాక గంటసేపు గాలికి వదిలి, పిన్నులను ఆల్కహాల్‌తో తడిపిన ఇయర్ బడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే ఆటపెట్టెలో పెట్టాలి. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే బంగారు పూత అరుగుతుంది. నోటితో ఊదడం వద్దని నింటెండోనే చెప్పింది, ఊపిరిలోని తడికి పిన్నులు తుప్పు పడతాయని. మళ్లీ దాచిపెట్టేటప్పుడు ఒక్కో క్యాసెట్‌ను విడిగా కాగితంలో చుట్టండి. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే వాటిలోని నూనె కారి లేబుల్‌ను పట్టేస్తుంది. స్లాబు కింద అటక కంటే గదిలో బీరువా నయం. అన్నిటినీ కట్టగట్టి రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి. మన ఎండలకు అదీ కరిగి క్యాసెట్‌కు పట్టుకుంటుంది, దాన్ని వదిలించడానికి మళ్లీ ఇదే నాఫ్తా కావాలి.